ముందే పట్టుకున్న వడ్డీ

బసవన్నకు పెండ్లాం మీద కుళ్ళు పుట్టింది. ఆమె నడత మీద అనుమానం కాదు. అట్లాంటి కథలు రాసేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళను రాసుకోనీ. మద్దమ్మ లెక్క చేస్తుంది, తనకంటే బిరీన, తొందరగా చేస్తుంది. అదీ ఆయన బాధ.

ఆలూరు పక్కన ఆ సాలెపేటలో గుంత మగ్గం లేని ఇల్లు లేదు. మగ్గం నేసేవాడిది, నూలు సావుకారుది. నూలు ఇచ్చేది ఆయనే, చీర తీసుకునేది ఆయనే, ధర కట్టేదీ ఆయనే. పెండ్లికో చావుకో అప్పు కావాలంటే మళ్ళీ ఆయన వాకిట్లోనే నిలబడాల. ఆయన అప్పు ఇచ్చే పద్ధతి చెప్తా వినండి. నూరు రూపాయలని కాగితం రాయించి వేలిముద్ర వేయించుకుంటాడు. నెలకు నూటికి రెండు వడ్డీ. ఏడాది వడ్డీ ఇరవై నాలుగూ ముందే పట్టుకుంటాడు. మిగిలిన డెబ్బై ఆరు చేతికిస్తాడు. ఏడాది తిరిగితే నూరూ కట్టాల. తాతల కాలం నుంచి ఇదే తంతు. పేటలో పుట్టిన పిల్లోడికి కూడా వడ్డీ అంటే ముందు పోయేదని తెలుసు. దుడ్లు చేతికి రాకముందే పోతుంది, అందుకే దాని ముఖం ఎవరూ చూసినవాళ్ళు లేరు.

చివరికి పేట పెద్ద రంగన్న పూనుకున్నాడు. నేతగాళ్ళంతా కలిసి సొసైటీ పెట్టుకుంటే బ్యాంకు ఏడాదికి నూటికి ఆరు వడ్డీకి దుడ్లిస్తుందని, మిల్లు నూలు నేరుగా తెచ్చుకోవచ్చని ఎవరో చెప్పినారు. కర్నూలు నుంచి సొసైటీ ఇన్స్పెక్టరు వచ్చినాడు. అంతా విని ఒకే మాట అన్నాడు.

"లెక్క రాసేవాడు మీలోనుంచే ఉండాల. బయటోణ్ణి పెడితే మీ సావుకారు వాణ్ణి కొనేస్తాడు. వడ్డీ లెక్క తెలిసిన మనిషిని ఒకణ్ణి తయారు చెయ్యండి. మళ్ళీ వచ్చినప్పుడు నేనే పరీక్ష పెడతా. తప్పితే సొసైటీ మాట పై ఏడాదికే."

పేటలో నాలుగక్షరాలు వచ్చినవాడు బసవన్న ఒక్కడే. వీధిబడిలో చింతబరికె తిని నేర్చుకున్న అక్షరాలు. అందరి కండ్లూ ఆయన మీద పడినాయి. గుమాస్తాకు నెలకు ఎనిమిది రూపాయలు జీతం, ఒక మేజా, ఒక కుర్చీ. ఊహ తెలిసినప్పటి నుంచి మోకాళ్ళ దాకా గుంతలో దిగి కూర్చున్న మనిషికి కుర్చీ అంటే ఏమిటో గుంతలో కూర్చోనివాళ్ళకు తెలియదు. ఆయనకు జీతం కంటే ఆ కుర్చీ మీదే ఆశ. పేటంతా తన ముందర నిలబడి "బసవన్నా, నా లెక్క చూడప్పా" అనాల. అంతే కావాల.

లెక్కలు చెప్పేదానికి మిషను బడి అయ్యవారు ఏసన్నను పిలిచినారు. కడపలో ట్రయినింగు అయినవాడు, మాలపేట మనిషి. అందుకని ఆయన్ను బసవన్న ఇంటి అరుగు మీద కూర్చోనివ్వలేదు. కింద మెట్టు మీద గోనెపట్ట వేసినారు. అయ్యవారు కింద, చదువుకునేవాడు పైన! చదువు కావాలి గాని చదువు చెప్పే మనిషి తగలకూడదు. ఏసన్న ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే సొసైటీ ఆ రోజే ఆగిపోయుండేది, అది ఆయనకు తెలుసు.

పొద్దు వాలినాక అరుగు మీద చదువు. గడప లోపల మద్దమ్మ రాట్నం ముందర కూర్చుని నూలు కండెలు చుడుతుండేది. నేసేవాడు అటూ ఇటూ తోసే నాడెలోకి కండె పెట్టాలంటే ఇంట్లో ఆడమనిషి చుట్టాల. దానికి కూలీ లేదు, పేరూ లేదు. రాట్నం చెయ్యి తిప్పుతుంది, చెవులు మాత్రం ఖాళీ.

ఒకనాడు ఏసన్న పుస్తకం తీసి చదివినాడు. "ఒకడు ఆరు వందల రూపాయలు రెండు పాళ్ళు చేసి, ఒక పాలు ఏడాదికి నూటికి నాలుగు వడ్డీకి, రెండో పాలు నూటికి ఐదు వడ్డీకి ఇచ్చినాడు. ఏడాదికి మొత్తం వడ్డీ ఇరవై ఆరు రూపాయలు వచ్చింది. ఏ పాలు ఎంత?"

"వాడు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు బసవన్న.

"తెలియని దానికి ఎక్సు అని పేరు పెట్టు. తెలియదని బెదరొద్దు. పేరు పెడితే అదే నీ దారికి వస్తాది. మొదటి పాలు ఎక్సు. అట్లయితే రెండోది ఎంత?"

బసవన్న పలక మీద ఎక్సు గీసినాడు. పడుగు పోగులు ఒకదాన్నొకటి దాటుకున్నట్టుంది అది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బలపం కదల్లేదు.

లోపలి నుంచి మాట వచ్చింది. "నాలుగు నూర్లు, రెన్నూర్లు."

"ఊరుకో మే. నోటికొచ్చింది చెప్పాకు."

"ఉండప్పా," అన్నాడు ఏసన్న. పుస్తకం వెనక జవాబు చూసుకున్నాడు. "ఎట్ల చెప్పినావక్కా?"

రాట్నం ఆగింది. "అంతా ఐదుకే ఇచ్చినాడనుకో అయ్యవారూ. ముప్పై రావల్ల. వచ్చింది ఇరవై ఆరు. నాలుగు తక్కువ. ఐదుకు బదులు నాలుగుకిస్తే నూటికి ఒక రూపాయి తగ్గుతాది. నాలుగు తగ్గిందంటే నాలుగు నూర్లు ఆ పాలు. ఇంగేముండాది దాంట్లో?"

ఏసన్న నోరు తెరుచుకొని చూసినాడు. ఎక్సు లేదు, పలక లేదు. మద్దమ్మ మళ్ళీ రాట్నం తిప్పబోయి ఆగింది.

"నాకొకటి తెలియక అడుగుతా అయ్యవారూ. వాడు నాలుగు నూర్లని రాయించుకొని చేతికెంత ఇచ్చినాడు?"

"నాలుగు నూర్లూ ఇచ్చినాడు."

"వడ్డీ ముందే పట్టుకోలేదా?"

"ఈ పుస్తకంలో ఎవరూ ముందు పట్టుకోరక్కా. ఏడాది అయినాకనే తీసుకుంటారు."

"అట్లయితే ఆ పుస్తకం రాసినోడు పుట్టి బుద్ధెరిగి అప్పు తీసుకోలేదు," అన్నది మద్దమ్మ.

ఏసన్న నవ్వినాడు. పగలబడి నవ్వినాడు. కండ్లనీళ్ళు తుడుచుకొని, పలక బసవన్న చేతిలోంచి తీసుకొని, తానే ఒక కొత్త లెక్క రాసినాడు. నూరని రాయించుకొని ఇరవై నాలుగు ముందే పట్టుకుంటే, చేతికొచ్చిన డెబ్బై ఆరుకు అసలు వడ్డీ ఎంత పడుతున్నట్టు? వేసి చూస్తే నూటికి ముప్పై ఒకటిన్నర పైమాటే. సావుకారు నోటితో చెప్పేది ఇరవై నాలుగు, గుంజేది ముప్పై ఒకటిన్నర. మూడు తరాలుగా పేట మోసిన బరువు ఆ పలక మీద రెండు వరసల్లో తేలింది.

"నేను ట్రయినింగు చేసినా. ఇన్నేండ్లలో ఈ మాట ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నీది లెక్క తల అక్కా," అన్నాడు ఏసన్న.

సావుకారు తనను ఎంత దోచినాడో అప్పుడే తెలిసిన మనిషికి ఎవరి మీద కోపం రావాల? సావుకారు మీద రావాల. బసవన్నకు రాలేదు. ఆయన కండ్లు ఏసన్న ముఖం మీదనే ఉన్నాయి. ఆ నవ్వు, ఆ చూపు! తాను లెక్క సరిగ్గా చేసినప్పుడు ఏసన్న "సరే, తర్వాతది" అంటాడు. అంతే. పెండ్లాం లెక్కలో లేనిదేదో అడిగితే కండ్లనీళ్ళు వచ్చేదాకా నవ్వినాడు, "అక్కా" అన్నాడు, పలక లాక్కున్నాడు. ఆ చూపు తనకు కావాల. తనది అది. పలక తనది, బలపం తనది, పేట ఎంచుకున్నది తనను. గడప లోపల కూర్చున్నదానికి ఎట్ల పోయింది?

మర్నాడే చదువు రంగన్న ఇంటి పంచకు మార్చినాడు.

"ఈడ రాట్నం మోతకు తల తిరుగుతాంది," అన్నాడు.

మద్దమ్మ సంగటి పెట్టేటప్పుడు మాత్రం అడిగేది. "ఈ పొద్దు ఏం లెక్కప్పా?"

"నీకెందుకే?"

"ఊరికే."

"ఊరికే అయితే ఊరికే ఉండు."

అయినా లెక్కలు ఆమెకు చేరుతూనే ఉన్నాయి. చేరవేసేది రంగన్న పెండ్లాం గిడ్డమ్మ. పంచలో విన్న లెక్కను చెడకుండా నీళ్ళ బాయి కాడికి మోసేది. ఒకనాడు బసవన్న రంగన్న ఇంటి మెట్లెక్కుతుంటే చాట చేతిలో పట్టుకొనే నిలేసింది.

"ఏమప్పా బసవన్నా, నిన్న నువ్వు పలక నిండా రాసి, చెరిపి, మళ్ళా రాసి, అయ్యవారిని సంపుకు తింటివే, ఆ లెక్క? నీ పెండ్లాం కడవ నిండేలోపల చెప్పె!"

అక్కడున్న నలుగురూ నవ్వినారు. బసవన్న కూడా నవ్వినాడు. ఆ నవ్వుకు ఆయన పండ్లు నొప్పి పెట్టినాయి.

ఇంటికి పోయి పెండ్లానికి పని పెంచినాడు. నూలు సన్నది తెచ్చినాడు. సన్న నూలుకు కండెలు ఎక్కువ కావాల, చుట్టేది మెల్లగా సాగుతుంది, చూపు తిప్పితే తెగుతుంది. ఇంగ తలకాయకు తీరిక ఉండదని లెక్కేసుకున్నాడు. అక్కడ కూడా ఆయన లెక్క తప్పింది. రాట్నం తిరిగేకొద్దీ మద్దమ్మ తల తిరిగేది. కండెలన్నీ వేళకు అందినాయి. వాటి పక్కన నేల మీద సుద్దతో అంకెలు కనపడినాయి. ఆయన చదివి చెరిపేసిన పలకను పొద్దున్నే చూసి, మిగిలిన మరకలను పట్టుకొని అంకెలు నేర్చుకునింది. కూడబలుక్కొని అక్షరాలు కూడా.

ఆయన ఊరుకోలేదు. ఒక దొంగలెక్క అల్లినాడు. అన్నం కాడ తానే ఎత్తినాడు.

"అడుగుతాంటివి కదా, చెప్పు చూద్దాం. ఆరు నూర్లే. నాలుగు వడ్డీకి ఒక పాలు, ఐదు వడ్డీకి ఒక పాలు. ఏడాదికి ముప్పై ఐదు వచ్చింది. ఏ పాలు ఎంత?"

మద్దమ్మ ముద్ద చేతిలో పట్టుకొని ఒక గడియ ఆలోచించింది. "కుదరదే. అంతా ఐదుకిచ్చినా ముప్పై దాటదు. నీకెవురో తప్పు చెప్పినారప్పా. అయ్యవారిని మళ్ళా అడుగు."

ఎగతాళి కాదు. నిజంగానే చెప్పింది. ఎగతాళి చేసి ఉంటే రెండు తిట్లు తిట్టి ఆ రోజుకు చల్లబడేవాడు.

ఆ మంటలోనే ఆయన చదివినాడు. మగ్గం మీద నాడె తోస్తూ చదివినాడు, పడుగుకు గంజి పెడుతూ చదివినాడు. కుళ్ళు కూడా మనిషిని కూర్చోబెట్టి చదివిస్తుంది, ఎవరికైనా అనుమానముంటే బసవన్నను చూడండి. ఎక్సు ఇప్పుడు ఆయన చెప్పినట్టు ఆడేది. ఏ లెక్క ఇచ్చినా రెండు పాళ్ళూ విడదీసి చూపించేవాడు. ఏసన్న "సరే, తర్వాతది" అనేవాడు. ఎప్పుడూ అదే మాట. పరీక్ష నాటికి బసవన్న బాగా తయారైనాడు. ఆ మాట ఒప్పుకోవాల. తప్పు చదువుది కాదు.

ఇన్స్పెక్టరు పొద్దున్నే జట్కాలో దిగినాడు. రంగన్న పంచలో కుర్చీ వేసినారు. మగ్గాలు ఆపి పేటంతా వచ్చింది. సావుకారు మనిషి ఒకడు దూరంగా గోడకు ఆనుకొని బీడీ తాగుతున్నాడు. ఏసన్న పంచ బయట ఎండలో నిలబడినాడు. ఆయనను నీడలోకి రమ్మనాలని ఎవరికీ తోచలేదు.

ఇన్స్పెక్టరు తలెత్తకుండా చదివినాడు. "ఒకడు పన్నెండు వందలు రెండు పాళ్ళు చేసినాడు. ఒక పాలు ఏడాదికి నూటికి ఆరు వడ్డీకి, ఇంకో పాలు నూటికి తొమ్మిది వడ్డీకి ఇచ్చినాడు. మొత్తం వడ్డీ ఎనభై ఏడు. పాళ్ళు చెప్పు."

బసవన్న పలక తీసుకున్నాడు. ఎక్సు పెట్టినాడు. పన్నెండు వందల్లో ఎక్సు తీసినాడు. వరసగా దించుకుంటూ పోయినాడు. ఏడు నూర్లు, ఐదు నూర్లు. తిప్పి చూసినాడు. ఆరు వంతున ఏడు నూర్లకు నలభై రెండు, తొమ్మిది వంతున ఐదు నూర్లకు నలభై ఐదు. కలిపితే ఎనభై ఏడు. సరిపోయింది. జవాబు పలక మీద ఉంది, కుర్చీ దాదాపు తన కిందికి వచ్చింది.

పలక ఇయ్యబోయి ఆగినాడు.

ఇస్తే ఏమవుతుంది? ఈ ఇన్స్పెక్టరు జేబు గడియారం చూసుకుంటున్నాడు. "సరే" అంటాడు. ఏసన్న మాదిరే, "సరే, తర్వాతది". అంతే కదా. ఆమెకు వచ్చింది ఏమిటి, నాకు వచ్చేది ఏమిటి? ఆమె అడిగినట్టు ఒక్క మాట నేనూ అంటే ఈ పెద్దమనిషి తలెత్తుతాడు, నవ్వుతాడు, కుర్చీలోంచి ముందుకు వంగుతాడు. పేటంతా చూస్తుంది. ఆ ఎండలో నిలబడిన ఏసన్న కూడా చూస్తాడు.

అరచేత్తో తుడిచేసినాడు. ఏడు నూర్లలో ముందే పట్టుకున్న వడ్డీ నలభై రెండు తీసేసినాడు. ఐదు నూర్లలో నలభై ఐదు తీసేసినాడు. కొత్త అంకెలు రాసి ఇచ్చినాడు.

"ఆరు నూర్ల యాభై ఎనిమిది. నాలుగు నూర్ల యాభై ఐదు," అన్నాడు గట్టిగా.

ఇన్స్పెక్టరు పుస్తకం చూసినాడు. "తప్పు."

"తప్పు కాదు సామీ. వడ్డీ ముందే పట్టుకున్నాడు వాడు. చేతికిచ్చింది అంతే."

"పట్టుకున్నాడని ఎవరు చెప్పినారు?"

"ఎవురు చెప్పల్ల? అందరూ పట్టుకుంటారు కదా."

ఇన్స్పెక్టరు అప్పుడు తలెత్తినాడు. నవ్వలేదు. "ఎవరు పట్టుకుంటారు? సొసైటీ పట్టుకుంటుందా? నువ్వు గుమాస్తా అయితే మెంబర్లకు నూరని రాసి కోసుకొని ఇస్తావా? నిన్ను లెక్క అడిగితే లెక్కలో లేనిది కల్పించినావు. రేపు పుస్తకాల్లో ఏమి కల్పిస్తావో!"

జనంలో గుసగుస లేచింది. గోడకు ఆనుకున్న సావుకారు మనిషి బీడీ పారేసి నవ్వినాడు.

"ముందు సరిగ్గానే రాసినా సామీ. ఏడు నూర్లు, ఐదు నూర్లు. రాసి తుడిచినా."

"తుడిచింది నాకు కనపడదు," అని ఇన్స్పెక్టరు పుస్తకం మూసినాడు. "పై ఏడాది వస్తా."

రంగన్న చేతులు జోడించినాడు. "సామీ, ఇంగొక్క లెక్క ఇయ్యండి. ఏడాది అంటే మేము బతకం."

"ఒక మనిషికి ఒక పరీక్ష. ఇంకో మనిషి ఉంటే చెప్పు, పెడతా."

ఎవరున్నారు? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎండలోంచి ఏసన్న మాట వచ్చింది. "ఉండారు సార్. అయితే నేను చెప్పకూడదు. బసవన్న చెప్పల్ల."

బసవన్న తల దించుకున్నాడు. చెప్పకపోతే సొసైటీ పోతుంది. మళ్ళీ ఏడాది సావుకారు నూలు, సావుకారు కోత. తన మగ్గం కూడా అందులోనే ఉంది. ఇదంతా ఆయనకు తెలుసు. అయినా ఇంతమంది ఎదుట తాను తప్పిన చోట ఆమె గెలిస్తే? అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. ఎందుకు గెలుస్తుంది? ఈ ముందు పట్టుకునే మాట ఆమెదే కదా. ఆమె కూడా అదే చెప్తుంది. ఈయన ఆమెను కూడా ఇట్లనే కడుగుతాడు. ఇంతమంది మొగోళ్ళ ముందర దాని నోరు కూడా పెగలదు. రానీ. నాకైన అవమానం దానికీ కానీ.

"మా ఇంట్లో దాన్ని పిలవండి," అన్నాడు.

గిడ్డమ్మ పరిగెత్తింది. మద్దమ్మ గంజి చేతులతోనే వచ్చింది. కొంగుకు తుడుచుకుంటూ పంచ అంచున నిలబడింది. ఇన్స్పెక్టరు ముఖం చిట్లించినాడు, గడియారం చూసినాడు, వేరే లెక్క చదివినాడు.

"పదిహేను వందలు రెండు పాళ్ళు. ఒకటి ఏడాదికి నూటికి ఐదు, ఒకటి నూటికి ఎనిమిది. మొత్తం వడ్డీ తొంభై ఆరు."

మద్దమ్మ నేల చూస్తూ నిలబడింది. చేతివేళ్ళు కదులుతున్నాయి, రాట్నం తిప్పుతున్నట్టే.

"ఒక మాట అడుగుతా సామీ. వడ్డీ ఏడాది కడాకు ఇచ్చినారా, ముందే పట్టుకున్నారా?"

బసవన్న తలెత్తినాడు. అడిగింది! ఇంగ అయిపోయింది.

"ఎవరూ ముందు పట్టుకోలేదు," అన్నాడు ఇన్స్పెక్టరు విసుగ్గా. "ఏడాది కడాకే."

"అట్లయితే ఐదుకు ఎనిమిది నూర్లు, ఎనిమిదికి ఏడు నూర్లు."

ఇన్స్పెక్టరు పుస్తకం తిరగేసినాడు. జవాబు చూసినాడు. ఆమెను చూసినాడు. ఈసారి కుర్చీలోంచి ముందుకు వంగినాడు. "ఎట్ల?"

చెప్పింది. అంతా ఎనిమిదికే అయితే నూట ఇరవై. ఇరవై నాలుగు తగ్గింది. నూటికి మూడు తగ్గుతుంది. పలక మీద రాయమంటే రాసింది. ఎనిమిది కొంచెం వంకరగా వచ్చింది, అంతే.

బసవన్న ఆ వంకర ఎనిమిదినే చూస్తూ కూర్చున్నాడు. ఆమె అడిగింది. తాను అడగలేదు. నోటి దాకా వచ్చిన మాటను అడిగి ఉంటే సరిపోయేది, తాను ఏకంగా జవాబులోకి దించినాడు. ఆమె మాటను ఎత్తుకొచ్చినాడు గాని, దాన్ని ఎక్కడ వాడాలో తెచ్చుకోలేదు.

ఇన్స్పెక్టరు కాగితం తీసినాడు. "సరే, అయింది. గుమాస్తా పేరు బసవన్న అని రాస్తా. పని ఆమెతో చేయించుకో. కింద నువ్వు సంతకం పెట్టు. ఆడమనిషి పేరు పంపితే కర్నూల్లో నన్ను చూసి నవ్వుతారు."

పేటంతా ఊపిరి పీల్చుకునింది. రంగన్న బసవన్న వీపు తట్టినాడు. అనుకున్నదంతా వచ్చింది. ఎనిమిది రూపాయలు, మేజా, కుర్చీ, పేరు. మద్దమ్మ అప్పటికే వెనక్కి తిరిగింది. గంజి చల్లారిపోతుంది కదా, ఆమె తొందర ఆమెది.

బసవన్న మాత్రం ముందుకు చూస్తున్నాడు. నెల తర్వాత నెల, ఆమె వేసిన లెక్క కింద తన సంతకం. జనం వచ్చి "నా లెక్క చూడప్పా" అంటే లోపలికి పోయి ఆమెను అడిగి వచ్చి చెప్పాల. పేటలో ప్రతి ఒక్కరికీ తెలుసు, ఈ పొద్దు చూసినారు. కుర్చీలో కూర్చున్న ప్రతి గడియా ఆ వంకర ఎనిమిది ఆయన కండ్లముందర ఉంటుంది. గుంతలో అయినా తాను నేసింది తనది.

"నా పేరు వద్దు సామీ," అన్నాడు.

"ఏమి?"

"లెక్క ఎవురు చేస్తే వాళ్ళ పేరే రాయండి. మద్దమ్మ అని రాయండి. నేను సంతకం పెట్టను."

రంగన్న కండ్లు తడిసినాయి. "బంగారట్లాంటి మనిషివప్పా," అన్నాడు. వెనక ఎవరో "అట్లాంటి మొగుడు యాడ దొరుకుతాడు" అన్నారు. గిడ్డమ్మ ముక్కు చీదింది. పోతున్న మద్దమ్మ ఒకసారి వెనక్కి తిరిగి మొగుడి ముఖం చూసి పోయింది. ఇంతమంది మెచ్చుకోవడం బసవన్న ఎన్నడూ వినలేదు. విని కూడా రాయి మాదిరి కూర్చున్నాడు. అది ప్రేమ కాదని, పెద్దమనసు అంతకన్నా కాదని ఆ పంచలో ఎరిగినవాడు ఆయన ఒక్కడే. ఆమె చేసిన పని కింద తన పేరు రాసుకొని బతకలేక ఆ మాట అన్నాడు.

ఇన్స్పెక్టరు రూళ్ళ పుస్తకం ముందుకూ వెనక్కూ తిప్పినాడు. ఆడమనిషి పనికి రాదని యాడా లేదు. రాసినవాడికి ఆ ఆలోచనే వచ్చుండదు. గొణుక్కుంటూ మద్దమ్మ పేరు రాసుకొని జట్కా ఎక్కినాడు. కుళ్ళుతో పడితేనేమి, పేరు పడింది. పేటకు నూలు వచ్చింది. మంచి మనసుల కోసం కాచుక్కూర్చుంటే ఆ సొసైటీ ఇప్పటికీ ఉండేది కాదు.

ఆ పొద్దు బసవన్న ఇంటికి వచ్చేసరికి మద్దమ్మ పడుగుకు గంజి పూర్తి చేస్తోంది. తలెత్తకుండా అడిగింది.

"ఎందుకు వద్దన్యావు?"

"ఊరికే."

"ఊరికే అయితే ఊరికే ఉండకపోయినావా? చెప్పప్పా. నా మింద ప్రేమతో కాదులే, నీ మొగం చూసినా."

బసవన్న గడప మీద కూర్చున్నాడు. "ఓర్చుకోలేక," అన్నాడు కడకు.

"అట్లనే అనుకున్యా."

"నీకు కోపం రాలేదా?"

మద్దమ్మ గంజి చేతులు దులుపుకునింది. "నాకు ఎప్పుడో వచ్చింది. నువ్వు పలక పట్టుకొని అరుగు మింద కూర్చుంటివి చూడు, ఆ పొద్దు. నిన్ను పిలిచినారు, నన్ను ఎవురూ పిలవలేదు. నీకి బలపం కదలకపోతే లోపల నాకి సంతోషం. అంత కుళ్ళు నాకి. నువ్వు చదువు రంగన్న ఇంటికి మార్చినప్పుడు రాట్నం నీ నెత్తిన ఏద్దామనుకున్యా."

"ఏసింటే బాగుండు," అన్నాడు బసవన్న.

"అంత నూలు పాడవుతాదని ఊరుకున్యా."

ఆయనకు నవ్వు రాబోయి రాలేదు. మంట ఆరలేదు. ఆరుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కాకపోతే ఇప్పుడు దాన్ని ఇద్దరూ ఎరుగుదురు.

"రేపట్నుంచి రంగన్న ఇంటికి పోతావా?" అన్నాడు.

"పోవల్ల కదా. పేరు నువ్వే రాయించితివి."

"మరి కండెలు ఎవురు చుట్టల్ల?"

మద్దమ్మ అప్పుడు ఆయన ముఖం నిండుగా చూసింది.

"మనిషిని పెట్టుకో. కూలి నా జీతంలోనుంచి ఇస్తా."

"నీ దుడ్లు నాకొద్దు."

"అట్లయితే నువ్వే చుట్టుకో."

"నేను చుడితే నూలు తెగుతాది."

"తెగితే ముడేసుకో," అని ఆమె గంజి కుండ ఎత్తుకొని పెరట్లోకి పోయింది.